మందారం పుట్టుపూర్వోత్తరాలు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. ఎడ్లపాడు వాణ్ణి గనుక కొండవీటి రెడ్డిరాజుల మీద వ్రాస్తానని వారు ఆశించి ఉండవచ్చు. రెడ్డిరాజుల మీద వ్రాసినవారు, నాకన్న బాగా వ్రాయగలవారు చాలామంది ఉన్నారు. డి.ఆర్. బకాయిల గురించి వ్రాయడానికి మన నాయకులు ఉండనే ఉన్నారు. నేను మన ఇళ్ల ముందుండే మందారం చెట్టును గురించి వ్రాస్తున్నాను. దానికీ చరిత్ర ఉంది, కాకపోతే దానికెవరూ శాసనం వేయించలేదు.

ముందుగా ఒక ప్రశ్న. మన పెరటి ఎర్రమందారం విత్తనాన్ని మీలో ఎవరైనా చూశారా? ఉమ్మెత్తకు ముళ్లకాయ వస్తుంది. శంఖుపూలకు చిక్కుడులాంటి కాయ వస్తుంది. గన్నేరు కాయ పగిలితే దూదిలాంటి నూగుతో గింజలు ఎగురుతాయి. మందారం మాత్రం ఉదయం విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది, మర్నాడు తొడిమతో సహా రాలి నేలమీద పడి ఉంటుంది. కాయ లేదు, గింజ లేదు. ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది గనుక ఈ లోటు మన దృష్టికి రాదు.

ఈ సంగతి పల్నాటి వాళ్లం మరికాస్త పట్టించుకోవలసింది. ఎందుకంటే మందారం మన పత్తికి దగ్గర చుట్టం. రెండూ ఒకే కుటుంబంలోవి. బెండ, గోంగూర, చెరువుగట్ల మీది గంగరావి, బీడునేలల్లోని తుత్తురబెండ కూడా ఆ కుటుంబంలోవే. అందులో గోంగూరయితే మందారానికి మరీ దగ్గర. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే, హైబిస్కస్. కావాలంటే గోంగూరను కోయకుండా పూతకు వదిలేసి చూడండి. పువ్వు లేతపసుపు రంగులో ఉన్నా రేకల అమరిక, నడిమి కాడ అచ్చం మందారమే. తమిళులు మందారాన్ని సెంబరుత్తి అంటారు. పరుత్తి అంటే పత్తి, కాబట్టి ఆ మాటకు అర్థం ఎర్రపత్తి. చుట్టరికం వాళ్లకు ముందే తెలిసిందన్నమాట.

పత్తి చేలో గూడ కట్టి, పూత వచ్చి, కాయ పట్టకపోతే రైతుకు దిక్కులేదు. అదే కుటుంబంలో పుట్టిన మందారానికి కాయ ఎందుకు పట్టదు? పువ్వులో లోపమేమీ లేదు. ఒకదానిమీద ఒకటి మెలివేసుకున్న ఐదు రేకలు, వాటి మధ్యనుంచి బయటకు పొడుచుకువచ్చిన కాడ, దాని చుట్టూ పుప్పొడి తిత్తులు, చివర ఐదు ఎర్రని బొడిపెలు. మగ భాగాలూ ఉన్నాయి, ఆడ భాగాలూ ఉన్నాయి. కాలేజీల్లో వృక్షశాస్త్రం ప్రాక్టికల్సుకు ఈ పువ్వునే తెప్పించేవారు. కేసరాలన్నీ కలిసి ఒకే గొట్టంగా ఏర్పడటాన్ని ఏకబంధకం అంటారని ఆ రోజుల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. తేనె కూడా ఉంది. చిన్న తేనెపిట్ట పువ్వు ముఖం దగ్గరకు వెళ్లకుండా పక్కనుంచి మొదట్లో పొడిచి తేనె తాగిపోవడం రోజూ చూస్తున్నదే.

కారణం లోపలి లెక్కలో ఉంది. జీవకణాల్లో వంశ లక్షణాలను మోసే క్రోమోజోములు సాధారణంగా రెండు జట్లుగా ఉంటాయి. విత్తనం ఏర్పడేముందు అవి జతలుగా విడిపోవాలి. మందారంలో అనేక జట్లు ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉన్నాయి. సంఖ్య కూడా రకానికీ రకానికీ తేడాగా ఉంటుంది. పంపకం సమంగా కుదరదు. వారసులు ఎక్కువై వాటాలు తెగని ఉమ్మడి ఆస్తి వంటిది ఇది. అందువల్ల మన పాత ఎర్రమందారం దాదాపు గొడ్డుపోయింది. మనిషి పువ్వు బాగున్నదని ఎంచుకున్నాడు. కాయ సంగతి ఆలోచించలేదు.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. మీ ఇంట్లో పాత ఎర్రమందారం ఉందంటే, గాలి తెచ్చి పడేసింది కాదు, పిట్ట గింజ రాల్చిందీ కాదు. ఎవరో ఒకరు కొమ్మ విరిచి ఇచ్చారు, మరొకరు నాటారు. ఇచ్చినవారికి ఇంకొకరు ఇచ్చి ఉండాలి. పొలం కొనేటప్పుడు లింకు దస్తావేజులు చూపించమంటాం. ఫలానావారి నుంచి ఫలానావారికి, వారినుంచి వీరికి, మధ్యలో ఎక్కడా తెగకూడదు. మందారానికి కూడా అటువంటి లింకు ఉంది. కాగితం మీద లేదు గాని, ఎక్కడ తెగినా ఆ చెట్టు మన ముందు ఉండేది కాదు.

ఈ లింకు ఎంత వెనక్కు పోతుంది? కాళిదాసు మేఘసందేశంలో ఉజ్జయిని మహాకాళుని సంధ్యానృత్యాన్ని వర్ణిస్తూ, మేఘం మీది సంధ్యారాగాన్ని అప్పుడే పూసిన జపాపుష్పంతో పోల్చాడు. జపా అంటే మందారమేనని మన నిఘంటువులూ వైద్యులూ చెబుతూ వచ్చారు. నవగ్రహ స్తోత్రం నిత్యం చదివేవారు సూర్యుడి శ్లోకంలో ఈ పువ్వును రోజూ తలుస్తూనే ఉన్నారు. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య వ్రాసిన మల్లినాథసూరి మెతుకుసీమ కొలిచెలమ వాడు, మన తెలుగువాడే. జపాకు సంస్కృతంలో ఓడ్రపుష్పం అని మరో పేరుంది. ఓడ్రమంటే ఒరిస్సా దేశం. బెంగాలులో కాళికాపూజకు ఈ పువ్వు లేకపోతే జరగదు. మహారాష్ట్రలో వినాయకుడికి ఎర్రమందారం ప్రీతి అంటారు.

ఇక మందారం అనే పేరు వేరే దారిలో వచ్చింది. సంస్కృతంలో మందారం దేవలోకపు ఐదు వృక్షాలలో ఒకటి. పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం తక్కిన నాలుగు. భూమి మీద బాడిదచెట్టునూ, తెల్లజిల్లేడునూ కూడా ఆ పేరుతో పిలిచారు. పోతనగారి ప్రహ్లాదుడు తుమ్మెదను ప్రస్తావిస్తూ చెప్పిన మందారం ఆ దేవతావృక్షమే గాని, మనం తలంటుకు ఆకు కోసుకునే ఈ చెట్టు కాదని నా అభిప్రాయం. కొన్ని ప్రాంతాల్లో దీన్ని దాసాని అనేవారు. కన్నడంలో దాసవాళ. మరి మనవాళ్లు ఇంద్రుడి తోటలోని పేరు తెచ్చి పెరటి చెట్టుకు పెట్టారంటే ఎంత ముచ్చట పడ్డారో ఊహించుకోవచ్చు. 1981లో ముద్దమందారం పేరుతో జంధ్యాలగారి సినిమా కూడా వచ్చింది. ముద్దమందారం అంటే వేరే జాతి ఏమీ కాదు. కేసరాలు కూడా రేకలుగా మారిపోతే ముద్దగా కనబడుతుంది, అంతే.

తెల్లవారి పుస్తకాలలోకి ఎక్కడం తరువాతి సంగతి. కొచ్చినులో డచ్చి గవర్నరుగా ఉన్న వాన్ రీడ్ అనే ఆయన, ఇట్టి అచ్యుతన్ అనే మలయాళ వైద్యుడి వంటి వారి సహాయంతో మలబారు మొక్కల మీద 12 సంపుటాల గ్రంథం తయారుచేయించాడు. అది 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. అందులో మన మందారం మలయాళ పేరుతోనే, చెంపరత్తిగా, బొమ్మతో సహా ఉంది. 1753లో స్వీడను దేశపు లిన్నేయస్ దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. హైబిస్కస్ రోజా సైనెన్సిస్ అంటే చైనా గులాబీ. ఇది గులాబీ కాదు. ఆయన చైనా వెళ్లిందీ లేదు. రిజిస్టరులో ఒకసారి నమోదైన పేరు మార్చడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు గదా, ఆ పేరే ఈనాటికీ నడుస్తున్నది.

అయితే అసలు పుట్టిల్లు ఏది? ఈ మొక్క ప్రపంచంలో ఎక్కడా అడవిలో దానంతటది పెరుగుతూ కనబడలేదు. చైనా అన్నారు, ఇండియా అన్నారు. ఇటీవలి సంవత్సరాల్లో కొందరు పరిశోధకులు పసిఫిక్ మహాసముద్రంలోని దీవులవైపు చూపిస్తున్నారు. వనువాటు దీవుల జాతి ఒకటి, తాహితీ వైపు జాతి ఒకటి కలిసి ఏర్పడిన సంకరమే ఇదని, పడవల మీద దీవినుంచి దీవికి తిరిగిన పాలినీషియా ప్రజలే మొదట పెంచారని వారి వాదం. కాళిదాసు కాలానికే అది ఉజ్జయిని దాకా ఎలా వచ్చిందని మనవాళ్లు అడగవచ్చు. నా మట్టుకు అది జరగరానిదిగా తోచదు. సుగంధ ద్రవ్యాలు వచ్చిన ఓడల్లో తడిగుడ్డలో చుట్టిన కొమ్మ ఒకటి రాకూడదా? ఏ వాదం నిలిచినా ఒకటి మాత్రం మారదు. ఎక్కడినుంచి బయలుదేరినా, ఇక్కడికి చేరింది మనిషి చేతిలోనే.

అక్కడినుంచి అది మళ్లీ ప్రపంచయాత్ర చేసింది. మారిషస్ దీవిలో చార్లెస్ టెల్ఫెయిర్ అనే ఐర్లాండు ఆయన 19వ శతాబ్దం తొలిభాగంలో స్థానిక మందార జాతితో దీన్ని కలిపి కొత్త రకాలు పుట్టించాడు. ఆయన 1833లో పోయాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే మన కోస్తా తెలుగువాళ్లు చెరకు తోటల కూలీలుగా ఆ దీవికి వెళ్లడం మొదలైంది. కోరంగి రేవునుంచి ఎక్కినందువల్ల వారికి అక్కడ కోరంగులని పేరు పడింది. పసిఫిక్‌లోని హవాయి దీవుల్లో 20వ శతాబ్దం మొదట్లో ఇంటింటా మందారాలను సంకరపరచడం ఒక వేడుక అయింది. 1923లో ఆ దీవులకు అధికార పుష్పంగా దీన్ని ప్రకటించారు. తరువాత 1988లో అక్కడి సొంత పసుపు మందారానికి ఆ గౌరవం ఇచ్చారు. మలేషియావారు 1960లో ఎర్రమందారాన్ని జాతీయ పుష్పంగా ఎన్నుకున్నారు. వారి భాషలో బుంగ రాయ. వారి నాణేల మీద కూడా వేశారు. అక్కడి తోటల్లో పనిచేయడానికి వెళ్లిన తెలుగువాళ్ల మనుమలు, మునిమనుమలు మన పెరటి పువ్వుకే జెండావందనంనాడు నమస్కరిస్తున్నారన్నమాట. ఇంగ్లీషువాళ్లు దీన్ని షూ ఫ్లవర్ అన్నారు. రేకలు నలిపి తోలుమీద రుద్దితే నల్లగా మెరుస్తుంది గనుక బూట్లకు వాడారు. మనం అమ్మవారి పాదాల దగ్గర పెట్టిన పువ్వును వాళ్లు బూట్లకు పూశారు.

మన దేశంలోనూ శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. గోధుమ పరిశోధనలో పేరుపొంది, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టరు జనరలు అయిన డాక్టర్ బి.పి.పాల్ గారు గులాబీల మీద, కాగితంపూల మీదనే గాక మందారాల మీద కూడా శ్రద్ధ పెట్టారు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో కొత్త మందార రకాలు తయారయ్యాయి. ఇప్పుడు కడియం నర్సరీలనుంచి లారీల్లో వచ్చే మొక్కల్లో పసుపు, నారింజ, తెలుపు, రెండు రంగులవి, పళ్లెమంత పువ్వు పూసేవి ఉన్నాయి. చూడటానికి కన్నులపండుగే. కాని వాటిలో చాలా రకాలకు సొంతవేరు గట్టిది కాదు. అందుకని చాలాచోట్ల మొండి పాతమందారాన్ని కింద వేరుగా ఉంచి పైన అంటు కడతారు. పేరు పైవాడిది, మోత కిందివాడిది. గుమాస్తా ఉద్యోగం చేసినవారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి. నేను ఉద్యోగరీత్యా గురజాల, మాచర్ల, నరసరావుపేటల్లో తిరిగాను. ఏ ఊళ్లో క్వార్టర్సు చూసినా, రైల్వేవారివైనా పోలీసువారివైనా, ముందు మందారం ఉండేది. ఎవరు నాటారని అడిగితే మాకు ముందున్నవాళ్లని చెప్పేవారు. బదిలీ ఆర్డరు వచ్చిందంటే సామాను లారీకి ఎక్కించేముందు ఇల్లాలు చేసే చివరి పని రెండు కొమ్మలు కోసి తడి గోనెపట్టాలో చుట్టడం. "పిన్నిగారూ, ముద్దమందారం కొమ్మ ఒకటి ఇవ్వరూ" అంటే కాదన్నవాళ్లను నేను చూడలేదు. అడక్కుండా తెచ్చిన కొమ్మే బాగా నాటుకుంటుందని పరిహాసం కూడా ఉండేది.

మా ఎడ్లపాడు ఇంటి ముందర మా అమ్మ నాటిన రేకమందారం ఉండేది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటినుంచి తెచ్చుకున్నదట. రహదారి వెడల్పు చేసినప్పుడు ముందరి అరుగుతోబాటు అదీ పోయింది. అప్పటికి అమ్మ లేదు. అయితే అంతకు చాలాకాలం ముందే మా అక్కయ్య చిలకలూరిపేటలో తన ఇంటికి ఒక కొమ్మ తీసుకువెళ్లింది. అక్కడినుంచి కొమ్మ తెచ్చి వెనుక పెరట్లో నాటాను. ఈనాడు పది అడుగులు పెరిగింది. శాస్త్రప్రకారం చూస్తే ఇది ఆ చెట్టుకు పిల్ల కాదు. విత్తనంనుంచి వచ్చినదైతే పిల్ల అవుతుంది. కొమ్మనుంచి వచ్చింది గనుక ఇది అదే చెట్టు. అమ్మ పూజకు కోసిన చెట్టే, వేరే చోట నిలబడి ఉంది. మా మనుమరాలికి ఈ మాట చెప్పినప్పటినుంచి కోసేముందు ఒకసారి చెట్టును తాకి కోస్తున్నది. నేను చెప్పి చేయించింది కాదు.

ఇప్పుడు ఊళ్లో కొత్త ఇళ్లకు ప్రహరీ దాకా సిమెంటు, బండలు. మట్టి కనబడదు. కుండీల్లో హైబ్రిడ్ మందారం ఒకటి పెడతారు, రెండేళ్లకు చస్తే ఇంకొకటి కొంటారు. పాత రేకమందారం ఉన్న ఇళ్లు మా బజారులో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. జొన్ననో కందినో విత్తనంగా డబ్బాలో దాచి నాలుగేళ్ల తరువాత చల్లుకోవచ్చు. దీన్ని దాచడానికి డబ్బా లేదు. ఇంకో చేతికి ఇవ్వడం ఒక్కటే దారి. ఒక్క తరం చేతులు ముడుచుకు కూర్చుంటే ఆ రకం మళ్లీ రాదు.

అందుచేత నాటే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను. ఆషాఢ శ్రావణాలు అనువైన కాలం. మరీ లేతదీ, మరీ ముదురుదీ కాకుండా పెన్సిలంత లావున్న కొమ్మను జానెడు పొడవున, కణుపుకు సరిగ్గా కింద కోయాలి. పైన రెండు ఆకులుంచి మిగతావి తీసేయాలి. ఇసుక, ఎర్రమట్టి కలిపిన కుండీలో రెండు కణుపులు మునిగేటట్లు గుచ్చి నీడన పెట్టాలి. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. కొత్త చిగురు వేసింది గదా అని వెంటనే పెళ్లగించవద్దు. కొమ్మలో ఉన్న బలంతోనే మొదటి చిగురు వస్తుంది.

మా వైపు నల్లరేగడి నేల. పత్తికి బంగారం, మందారానికి కాదు. వానాకాలంలో నీరు పట్టి వేరు కుళ్లుతుంది. మోకాటిలోతు గుంట తీసి మూడోవంతు ఇసుక, మూడోవంతు చివికిన పశువులఎరువు కలిపి, నేలకన్న కొద్దిగా మెరకగా నాటాలి. పిడుగురాళ్ల, మాచర్ల వైపు నేలల్లో సున్నం పాలు ఎక్కువ. అక్కడ లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. అది రోగం కాదు, ఇనుము అందకపోవడం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రంపూట ఆకులమీద చల్లితే, వారం తేడాతో రెండు మూడు సార్లకు రంగు తిరుగుతుంది. వేరుశనగ రైతులకు ఇది తెలిసిన వైద్యమే. పువ్వు కొత్త కొమ్మలకే పూస్తుంది. కనుక మాఘమాసంలో మూడోవంతు కత్తిరించడానికి మొహమాటపడవద్దు. మొగ్గలు విచ్చకుండా రాలుతుంటే ముందు నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు లేకుండా పోస్తున్నామేమో చూసుకోవాలి.

పిండినల్లి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. తెల్లటి దూదిపింజల్లా కొమ్మల చివర పట్టి, చిగురును ముడిచేస్తుంది. 2005 తరువాతి సంవత్సరాల్లో మన దేశంలో పత్తి చేలను పట్టిన విదేశీ పిండినల్లికి మందారం కూడా ఇష్టమైన ఆహారమే. చుట్టరికం ఇక్కడ కూడా బయటపడింది. చేలో పత్తి పీకేశాక పురుగు వచ్చి ఊళ్లో మందారం మీద కాపురం పెడుతుంది. మళ్లీ పంట వేసేసరికి చేలోకి పోతుంది. చీమలు దానికి కాపలా. చెట్టు మొదట్లో చీమలు ఎక్కుతున్నాయంటే పైన అది ఉందని గుర్తు. పట్టిన కొమ్మలు కోసి కాల్చివేయాలి. చేను పక్కన పారేయకూడదు. మిగతాదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి తడిసేటట్లు కొట్టాలి. పూజకూ తలకూ వాడే చెట్టు గనుక చేలోకి తెచ్చిన ఘాటైన మందులు దీనిమీద కొట్టవద్దని మనవి.

పెద్దలు మనుమలతో ఒక చిన్న సరదా కూడా చేయవచ్చు. ఎర్రరేకలను వేడినీళ్లలో నానబెట్టి వడకట్టండి. ఆ రంగునీళ్లలో నిమ్మరసం పోస్తే ముదురు గులాబీ రంగు, సున్నపునీరు పోస్తే ఆకుపచ్చ. బడిపిల్లల సైన్సు పుస్తకంలో ఈ ప్రయోగం ఉంది, పువ్వు మాత్రం మనదగ్గరే ఉండాలి.

ఈ శ్రావణంలో జరిగే మన సంఘం నెలవారీ సమావేశానికి మా రేకమందారం కొమ్మలు పాతిక తెస్తున్నాను. తడి గోనెపట్టాలో చుట్టి, కార్యదర్శిగారి బల్ల పక్కన పెడతాను. వెల ఏమీ లేదు. తీసుకున్నవారు తమ ఇంట్లో వేరే పాతరకం ఉంటే మరుసటి నెలకు ఒక కొమ్మ తెచ్చిపెడితే చాలు. ముద్దమందారంలో తెల్లది ఒకప్పుడు నరసరావుపేట క్వార్టర్సులో చూశాను. అది ఎవరిదగ్గరైనా మిగిలి ఉంటే దయచేసి తెలియజేయగలరు, నేనే వచ్చి తీసుకుంటాను.